గాయపడిన రైతునకు క్రొత్త వ్యాయామము

రైతునకు వ్యాయామము వేరుగ నక్కరలేదను అభిప్రాయము మనలో చిరకాలమునుండి కలదు. తెల్లవారుజామున లేచి దుక్కి దున్నువానికి, మడిలో వంగి నాట్లు వేయు స్త్రీకి, ధాన్యపు బస్తాలు మోయువానికి దండీలు, బస్కీలు ఎందుకని యడుగుదురు. దేహము స్వస్థముగ నున్నంతకాలము ఈ మాట చాలవరకు నిజమే. కాని యొకనాడు గట్టుమీద కాలు జారి మోకాలు బెణికినను, ఎద్దు కుమ్మినను, ట్రాక్టరుపైనుండి పడి యెముక విరిగినను ఈ మాట నిలువదు. ఆనాడు పని నిలిచిపోవును. పనితోపాటు వ్యాయామమును నిలిచిపోవును. పట్టణములోని గుమాస్తా కాలికి కట్టు కట్టుకొనియైనను బల్లయొద్ద కూర్చుండి జీతము తెచ్చుకొనగలడు. రైతున కా వీలు లేదు. కావున గాయపడినపిమ్మట చేయదగిన వ్యాయామమును గురించి అందరికంటె రైతే యెక్కువగ ఆలోచింపవలసి యున్నదని మా అభిప్రాయము.

గాయపడినవారు మన గ్రామములలో సాధారణముగ రెండు త్రోవలలో నొకటి పట్టుచున్నారు. కొందరు కట్టు విప్పిన మరునాడే పొలమునకు పోవుదురు. అదను తప్పునేమో యను భయము వారిని ఇంట నిలువనీయదు. మానవచ్చిన గాయము తిరుగబెట్టి, రెండు నెలలలో పోవలసిన బాధ రెండేండ్లు పీడించును. మరికొందరు ఇక మన పని యైపోయినదని మంచము పట్టుదురు. ఇది మొదటిదానికంటె మేలని తోచును గాని, కాదు. కదలిక లేని కండ కొలది దినములలోనే బలము కోల్పోవ నారంభించును. మోకాలికి దెబ్బ తగిలినవాని తొడ రెండవ తొడకంటె సన్నబడుట కంటికే కానవచ్చును. తొడ బలము తగ్గినకొలది మోకాలిపై భారము హెచ్చును. భారము హెచ్చినకొలది నొప్పి హెచ్చును. నొప్పిచే కదలిక మరింత తగ్గును. ఇట్లు గాయము మానినను మనిషి కోలుకొనడు. ఆ యింట కూలి ఖర్చు పెరుగును, ఎడ్లు అమ్ముడుపోవును, పొలము కౌలునకు పోవును, తుదకు సంఘమునకు చెల్లవలసిన వాయిదాయు తప్పును.

ఈ రెండునుగాక మూడవ త్రోవ యున్నది. దెబ్బతిన్న అవయవమునకు తగిన విశ్రాంతి నిచ్చుచు, తక్కిన దేహమును ఊరకుండనీయని క్రొత్త వ్యాయామము నెన్నుకొనుటయే యది. మహారాష్ట్రములోని సాంగ్లీ జిల్లాకు చెందిన మురళీకాంత పేట్కరు మన సైన్యములో ముష్టియుద్ధమునందు పేరుపొందిన జవాను. 1965 యుద్ధములో ఆయనకు తూటాలు తగిలి క్రింది అవయవములు చచ్చుబడెను. ముష్టియుద్ధము ఇక సాధ్యము కాలేదు. ఆయన చికిత్సకొరకు ఈత మొదలుపెట్టి, 1972లో జర్మనీ దేశపు హైడెల్‌బర్గు నగరమున జరిగిన వికలాంగుల ప్రపంచ క్రీడలలో 50 మీటర్ల ఈతలో స్వర్ణపతకము పొందెను. 2018లో పద్మశ్రీ బిరుదము నందెను. మనలో ఎవరికిని పతకము అక్కరలేదు. పోయిన దానికై కుములుచు కూర్చుండక, మిగిలిన బలమునకు తగిన పని వెదకుకొనుటయే ఇందు మనము గ్రహింపవలసినది.

ఇట్టి వ్యాయామములకు ధనము అంతగా నక్కరలేదు. మోకాలికి దెబ్బ తగిలినవారు డాక్టరు అనుమతి యిచ్చినపిమ్మట కాలు చాచి కూర్చుండి, తొడ కండను బిగించి అయిదు లెక్కపెట్టునంతవరకు పట్టి వదలవచ్చును. పదిసారులు చేసిన చాలును. ఇది మంచముమీదనే చేయదగినది. పిదప సైకిలు మంచి సాధనము. త్రొక్కునపుడు దేహభారము చాలవరకు సీటు మోయును గనుక మోకాలికి తాకిడి తక్కువ. సీటు పొట్టిగా నుంచినచో మోకాలు మిక్కిలి వంగి నొప్పి హెచ్చును. తొక్కుడు క్రిందికి పోయినపుడు కాలు ఇంచుమించు చాచుకొనునంత యెత్తున నుంచవలయును. రోడ్డుపై పోవుటకు ధైర్యము చాలనివారు వెనుక స్టాండు వేసి, చక్రము నేలకు తగులకుండ నిలిపి, ఒకరు పట్టుకొనియుండగా ఇంటి ముంగిటనే త్రొక్కవచ్చును.

నీటియందు నడచుట మరియొక మార్గము. నడుము లోతు నీటిలో దేహభారము సుమారు సగమే కాళ్లపై పడును. అయితే పుండు పూర్తిగా మానవలయును, నీరు శుభ్రముగ నుండవలయును, వడిగల కాలువలో దిగరాదు, ఒంటరిగ పోరాదు. నడుమునొప్పి గలవారికి చదునైన బాటపై నడక శ్రేష్ఠము. చేయి విరిగినవారు కాళ్లనుగూడ కట్టివేసికొన నక్కరలేదు. వారికిని నడక కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితమైన శ్రమ చెప్పబడినది. వికలాంగులకుగూడ శక్త్యనుసారముగ అదియే చెప్పబడినది. గాయపడినవారు పది నిమిషములతో మొదలిడి మెల్లగా పెంచుకొనవలయును. నొప్పి మరునాటికిని తగ్గకున్నను, వాపు పుట్టినను శ్రమ మితిమీరెనని తెలిసికొని తగ్గింపవలయును. తిమ్మిరిగాని, కాలు పట్టుతప్పుటగాని కలిగిన వెంటనే డాక్టరును చూడవలయును.

కాలే పోయినవారుగూడ నిరాశ చెందనక్కరలేదు. జైపూరులో రామచంద్రశర్మ యను శిల్పియు, ప్రమోద్ కరణ్ సేఠీ యను శస్త్రవైద్యుడును 1968 ప్రాంతమున కల్పించిన రబ్బరు పాదము మన దేశపు పల్లెవానిని దృష్టియం దుంచుకొని చేసినది. దానితో గొంతుకూర్చుండవచ్చును, చెప్పులు లేక నడువవచ్చును, తడి పొలములో దిగవచ్చును.

వీనియన్నింటికంటె పెద్ద యడ్డంకి మన నోటిలోనే యున్నదని చెప్పక తప్పదు. పని లేక కాలువ గట్టున నడచు రైతును జూచి నవ్వుట, ముంగిట నిలిచిన సైకిలు త్రొక్కు స్త్రీని జూచి గుసగుసలాడుట మన గ్రామములలో క్రొత్త కాదు. ఆ నవ్వునకు వెరచి వారు మరల మంచము పట్టినచో ఆ పాపములో మనకును భాగము గలదు. ఒకనికి అప్పు కావలసినచో పదుగురము జామీను నిలుచుటకే గదా మన సంఘము పుట్టినది. కాలు కోలుకొనుటకును అట్టి జామీను అవసరమే.

ఇందుకై పాలకవర్గము వారికి మేము రెండు మనవులు చేయుచున్నాము. గాయపడిన సభ్యుని పొలమున ఆ యొక్క పంటకు తక్కిన సభ్యులు వంతులవారీగ పని చేసిపెట్టి, తమ అవసరమున తిరిగి సాయము పొందు ఏర్పాటు చేయవలయును. అదను భయము లేనివాడే కట్టు విప్పిన మరునాడు నాగలి పట్టక ఆగగలడు. రెండవది, సంఘ భవనమున నొక సైకిలును స్టాండుతోసహా ఉంచి, గాయపడినవారి కుపయోగమునకు ఇయ్యవలయును. వీనికగు ఖర్చు స్వల్పము. ఒక కుటుంబము అప్పులపాలు గాకుండుట స్వల్పము గాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును చర్చింతురని ఆశించుచున్నాము.