లాప్‌టాప్ కూడా వాయిద్యమే!

"స్టేజీ మీద లాప్‌టాప్‌తో వాయించేదేముంది? ప్లే బటన్ నొక్కడమేగా!" ఫెస్టుల సీజన్‌లో ఈ మాట వినని వాళ్ళుండరు. కాదని వాదించడానికి నా దగ్గర ఒక సాక్షి ఉంది: 65డేస్‌ఆఫ్‌స్టాటిక్.

ఉక్కుకి పేరుపడ్డ ఇంగ్లండు ఊరు షెఫీల్డ్ నుంచి వచ్చిన పోస్ట్-రాక్ బ్యాండ్ ఇది. బ్యాండ్‌లో గాయకుడు లేడు, దాదాపు అంతా వాద్యసంగీతమే. 2004 నాటి తొలి ఆల్బం 'ద ఫాల్ ఆఫ్ మాథ్'లో గిటార్లు, డ్రమ్స్ హోరెత్తుతుంటే, కంప్యూటర్లో ముక్కలు చేసిన బీట్లు మధ్యలో దూరి గొడవపడతాయి. 2010లో 'వి వర్ ఎక్స్‌ప్లోడింగ్ ఎనీవే'కి వచ్చేసరికి గొడవ సర్దుకుని, సింథసైజర్లు ముందుకొచ్చేశాయి.

అసలు మలుపు 2016లో, 'నో మ్యాన్స్ స్కై' అనే వీడియో గేమ్‌తో. అందులో గ్రహాలను ఎవరూ ఒక్కొక్కటిగా గీయలేదు. అల్గారిథమ్ పుట్టిస్తుంది. ఆడేవాడు ఒక గ్రహం మీద రెండు నిమిషాలుంటాడో, రెండు గంటలుంటాడో తెలీదు. మరి ఐదు నిమిషాల ట్రాక్ ఏం సరిపోతుంది? అందుకే బ్యాండ్ తన సంగీతాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఇచ్చింది. సందర్భాన్ని బట్టి వాటిని పేర్చే పని గేమ్‌ది.

ఇక్కడే అసలు చిక్కు. మన కచేరీలో రాగం నియమాలు సంప్రదాయానివి, ఆ క్షణపు కల్పన గాయకుడిది. ఇక్కడ నియమాలు మనిషివి, ఆ క్షణపు ఎంపిక యంత్రానిది. కానీ యంత్రానికి చెవుల్లేవు. తను పేర్చింది బాగుందో లేదో దానికి తెలీదు. ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను.

జవాబు మాత్రం బ్యాండ్ తర్వాతి అడుగులోనే ఉందనుకుంటా. 'డీకంపోజిషన్ థియరీ' పేరుతో 2017లో అల్గారిథమ్‌లనే స్టేజీ మీదికి తెచ్చారు. యంత్రం పుట్టిస్తుంటే మనుషులు విని, అక్కడికక్కడే దాన్ని మలుపు తిప్పుతారు. అంటే వినే బాధ్యత మళ్ళీ మనిషికే వచ్చింది.

కాబట్టి చేతిలో ఏముందని కాదు, వింటున్నాడా లేదా అని అడగండి. జనం మూడ్ మారితే తన సంగీతాన్ని మార్చగలడా? మార్చగలిగితే లాప్‌టాప్ కూడా వాయిద్యమే. మార్చలేకపోతే, కరోకే ట్రాక్ మీద బట్టీపట్టిన సోలో వాయించే గిటారిస్టుదీ ప్లే బటన్ వ్యవహారమే!

మన ఫెస్టులో లాప్‌టాప్‌కీ ఒక స్లాట్ ఇద్దాం. ఒకటే షరతు: నడుస్తున్న కోడ్ వెనక తెరమీద అందరికీ కనబడాలి. రోజంతా కోడ్ రాసే మనం, ఒక్క సాయంత్రం దాన్ని చెవులతో విందాం.