వీధి తలుపుకి తాళం సరే, బీరువా సంగతేంటి?

లాప్‌టాప్ పోతే ఎలా అని అడిగితే మనలో చాలామంది "పాస్‌వర్డ్ పెట్టాంగా" అంటాం. నేనూ అలాగే అనేదాన్ని. పోయిన ఏడాది నా పాత లైనక్స్ లాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది. డిస్కు ఊడదీసి, ఒక కేబుల్‌తో మా అబ్బాయి లాప్‌టాప్‌కి తగిలించాం. నా పాస్‌వర్డ్ అడగనే లేదు! పాస్‌పోర్టు కాపీలు, నర్సింగ్ సర్టిఫికెట్లు, ఊళ్లో పొలం కాగితాలు, అమ్మ రిపోర్టులు అన్నీ తెరుచుకున్నాయి. దొరికాయని సంతోషం వేసింది, ఆ వెంటనే భయమూ వేసింది. మాకు ఇంత సులువైంది దొంగకి కష్టమా?

లాగిన్ పాస్‌వర్డ్ వీధి తలుపు తాళం లాంటిదండీ. బీరువానే ఎత్తుకుపోయినవాడికి వీధి తలుపుతో పనేముంది? తాళం బీరువాకే పడాలి. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేయడమంటే అదే.

లైనక్స్‌లో దీనికి "లక్స్" అనే పద్ధతి, "క్రిప్ట్‌సెటప్" అనే ఉచిత ప్రోగ్రాం ఉన్నాయి. కొత్తగా ఉబుంటు వేసుకునేవాళ్లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కు మొత్తానికి ఎన్‌క్రిప్షన్ ఎంచుకోవచ్చు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు కాగితాల కోసం ఒక పార్టిషన్ విడిగా పెట్టుకుంటే చాలు. దాన్ని మొదట ఒక్కసారి "లక్స్‌ఫార్మాట్" చేసి, తెరిచి, లోపల ఫైల్‌సిస్టమ్ వేసుకోవాలి. జాగ్రత్త, లక్స్‌ఫార్మాట్‌తో అందులో ఉన్నదంతా పోతుంది. ముందే కాపీ తీసుకోండి, పార్టిషన్ పేరు రెండుసార్లు చూసుకోండి.

ఆ తర్వాత రోజూ కావలసింది రెండు చిన్న షెల్ స్క్రిప్టులే. తెరిచేదానిలో రెండు లైన్లు: క్రిప్ట్‌సెటప్ ఓపెన్, ఆపైన మౌంట్. మూసేదానిలో రెండు: అన్‌మౌంట్, ఆపైన క్రిప్ట్‌సెటప్ క్లోజ్. ఎవరో రాసిన వంద లైన్ల స్క్రిప్టు కన్నా మనకి అర్థమయ్యే నాలుగు లైన్లు మేలని నా అభిప్రాయం. పాస్‌వర్డ్ మాత్రం స్క్రిప్టులో రాయొద్దు. అది తాళంచెవి తాళానికే వేలాడదీసినట్టు. ఇంకోమాట, తెరిచి ఉన్నంతసేపు బీరువా తెరిచి ఉన్నట్టే. పని అయ్యాక మూసేయాలి.

"మర్చిపోతేనో?" అంటారు. న్యాయమైన భయమే. ఇక్కడ "ఫర్గాట్ పాస్‌వర్డ్" బటన్ ఉండదు. అందుకే లక్స్‌లో ఒకే తాళానికి ఒకటికి మించి పాస్‌వర్డ్‌లు పెట్టుకోవచ్చు. రెండోది కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, నమ్మకమైన అక్కకో చెల్లికో ఇవ్వండి. డిస్కు మొదట్లో ఉండే హెడర్ పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా తెరుచుకోదు. దానికీ ఒక బ్యాకప్ తీసి వేరేచోట దాచండి. డిస్కే పాడైపోతే ఇవేవీ ఆదుకోవు కాబట్టి, కాగితాల కాపీ ఇంకో ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవులో ఉండాలి.

"ఇవన్నీ మా ఆయన చూసుకుంటారు" అనకండి. పరాయి దేశంలో ఇంటిల్లిపాది కాగితాలు ఎక్కడున్నాయో తెలిసింది మనకే. బీరువా తాళాలు కొంగున కట్టుకున్న అమ్మల కూతుళ్లం, ఈ తాళం మనకి రాదా?