నాటు తుపాకీ అడవి పనిముట్టేనా?

పాడేరు, చింతపల్లి వైపు మన్యం గ్రామాల్లో ఏ ఇంటి చూరు చూసినా గొడ్డలి, కొడవలి కనిపిస్తాయి. గోడ వారన దుంపలు తవ్వే గునపం ఉంటుంది. పాత ఇళ్లలో అయితే విల్లంబులు కూడా ఉంటాయి. నాటు తుపాకీ మాత్రం చూరుకు వేలాడదు. అటక మీద గోనెసంచిలోనో, ఊరవతల చెట్టు తొర్రలోనో దాక్కుని ఉంటుంది. పోలీసులు వచ్చి అప్పగించమన్నప్పుడల్లా సంతల్లో ఒక మాట వినబడుతుంది. “అదీ తాతల నాటి పనిముట్టే కదా, గొడ్డలికి లేని అభ్యంతరం దానికెందుకు?” అని.

ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు. మందు కూరి పేల్చే తుపాకీ మన్యానికి నిన్న మొన్న వచ్చింది కాదు. రాగి, సామ, మొక్కజొన్న కంకి వేసే రోజుల్లో అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే చాలు, తెల్లవారేసరికి చేను దున్నిన నేలలా ఉంటుంది. మంచె మీద కాపున్న రైతు డబ్బా కొడతాడు, వడిసెల విసురుతాడు, మంట వేస్తాడు. రెండు రోజులు బెదిరిన పంది మూడో రోజు బెదరదు. పిల్లల నోటికాడ కూడు పోతుంటే చేతికి అందిన దానిని పట్టుకోని రైతు ఎవరు? తుపాకీని పనిముట్టు అనడం అక్కడ పుట్టింది.

అయినా ఆ పేరు దానికి చెల్లదు.

విల్లు సంగతి చూడండి. వెదురు బద్దతో విల్లు, వెదురు పేడుతోనే నారి. విరిగితే పూటలో మరొకటి తయారు. గొడ్డలి మొద్దుబారితే కమ్మరి కొలిమి ఉంది. చెకుముకి రాయి, ఇనుప ముక్క, కాస్త దూది ఉంటే నిప్పుకు లోటు లేదు. తుపాకీకి గొట్టం కొనాలి, సురేకారం కొనాలి, గంధకం కొనాలి, అగ్గిపెట్టెలు కొని పుల్లల మందు రాల్చాలి. గుండ్లకు బదులు సైకిల్ గుళ్లు వేస్తారు. అందులో అడవిది ఏమైనా ఉందంటే చెక్క పిడి, బొగ్గు. పేరు కూడా తురుష్కుల భాష నుంచి వచ్చిందే. గొడ్డలికి ఇనుము బయటిది కాదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కొన్న వస్తువైనంత మాత్రాన తుపాకీని కాదనడం లేదు. అసలు తేడా వేరే ఉంది.

విల్లు పట్టినవాడు జంతువుకు దగ్గరగా పోవాలి. గాలి ఎటు వీస్తున్నదో, అడుగు ఏ జంతువుదో, అది ఏ వేళ నీటికి దిగుతుందో తెలియాలి. కంటికి కనబడనిదే బాణం వదలడు. తుపాకీ పట్టినవాడికి ఇదంతా అక్కర్లేదు. చీకట్లో పొద కదిలితే చాలు. కదిలింది పందే అయితే సరి. కట్టెలకు వెళ్లిన మనిషయితే? వేటలో అవతలి వైపు నుంచి వస్తున్న తోటివాడయితే? జంతువనుకొని మనిషిని కాల్చిన వార్తలు మన్యం నుంచి రాకుండా లేవు. చచ్చినవాడు, కాల్చినవాడు ఒకే ఊరివాళ్లు, చుట్టరికం ఉన్నవాళ్లు. ఒకరు మట్టిలోకి, ఒకరు జైలుకి పోతారు. రెండు ఇళ్లలోనూ పొయ్యి వెలగదు. గొడ్డలి వల్ల ప్రమాదం జరగదా అంటే జరుగుతుంది, కానీ చేజారితే పట్టినవాడి కాలే తెగుతుంది. ఆ మాటకొస్తే నాటు తుపాకీ గొట్టం పగిలినా పట్టినవాడి చెయ్యే పోతుంది. నీళ్ల గొట్టాన్ని తుపాకీ గొట్టం చేస్తే మరేం జరుగుతుంది?

చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు వేటకు పోవడం, వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లడం అనాదిగా ఉన్న ఆచారం. ఆ పేడనీళ్లు కడుక్కుంటే పోతాయి. వాటికి వెరచి గురి చూడకుండా పేల్చిన గుండు వెనక్కి రాదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ఏ ఆయుధంతో చేసినా నేరమే, అది విల్లుకూ వర్తిస్తుంది. పండుగ మాత్రం వేట లేకపోయినా పండుగే.

అల్లూరి సీతారామరాజు పేరు ఎత్తి, మన్యానికి తుపాకీ గౌరవచిహ్నం అనేవారూ ఉన్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. అవి తెల్లదొరల ప్రభుత్వం తుపాకులు. పట్టుకున్నది ఆ ప్రభుత్వంతో యుద్ధానికి. చేనికీ వేటకూ కాదు. ఆ త్యాగాన్ని పందుల కాపలాకు సాక్ష్యం తేవడం బాగుండదు.

కర్ణాటకలోని కొడగు సంగతి కొంత గట్టి వాదనే. అక్కడ కొడవలు కైల్ పొళ్దు పండుగనాడు తుపాకీని పూజిస్తారు. లైసెన్సు నుంచి వారికి బ్రిటిష్ కాలం నుంచీ మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది. మరి మన్యానికి ఎందుకు లేదని అడగడంలో తప్పు లేదు. కానీ అక్కడ తుపాకీ ఏ ఇంటిదో అందరికీ తెలుసు, పండుగనాడు నడి ఇంట్లో పూలు పెట్టించుకుంటుంది. ఇక్కడిది చెట్టు తొర్రలో ఉంటుంది. పోతే ఎవరు తీసుకుపోయారో చెప్పుకునే దిక్కు కూడా లేదు.

చట్టం గీసిన గీత కూడా తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం ఇంటికీ సేద్యానికీ మాత్రమే వాడే వస్తువులను ఆయుధాలుగా లెక్కించదు. తుపాకీకి లైసెన్సు లేకపోతే రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు. తయారు చేసినా, అమ్మినా ఏడేళ్లకు తక్కువ లేకుండా యావజ్జీవం దాకా పడుతుంది. 2019లో చట్టాన్ని సవరించి శిక్షలు ఇలా పెంచారు. పందిని తరుముదామనుకున్న రైతు మీద ఇంత బరువు పడుతుందని గూడేల్లో ఎందరికి తెలుసు?

అదే చట్టంలో మరో ముక్క కూడా ఉంది. పంట కాపలాకు నిజంగా అవసరమైతే మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చునని 13వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి గూడెంలో చెప్పేవారు లేరు. లైసెన్సు ఉన్నా పందిని చంపాలంటే వన్యప్రాణి చట్టం కింద విడిగా అనుమతి కావాలి. ఈ కాగితాలన్నీ పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగడానికి కొండ మీది రైతుకు బస్సు చార్జీలెక్కడివి? కేరళలో 2022లో పంటలను పాడుచేసే అడవి పందులపై ఉత్తర్వులిచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షులకు ఇచ్చారు. అంటే దారి లేదని కాదు, ఇక్కడ దారి వేయలేదని.

తుపాకీ అప్పగించమని గూడెం గూడెం తిరిగే అధికారులు ఒక్క పని చేస్తే మేలు. అప్పగించిన రైతు మీద కేసు ఉండదని ఊరందరి ముందు చెప్పాలి. పంట పోతే ఎవరి దగ్గరికి పోవాలో, ఎన్ని రోజుల్లో వచ్చి చూస్తారో పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాయించాలి. పందుల బెడద ఎక్కువగా ఉన్న చోట అటవీశాఖే మనుషులను పంపాలి. తుపాకీ ఇచ్చేసి ఇంటికొచ్చిన రైతు ఆ రాత్రి కూడా మంచె ఎక్కాలి. చేతిలో డబ్బా ఒక్కటే ఉంటుంది. ఈ ఏడు మొక్కజొన్న కంకి వేసేలోగా అతనికి జవాబు చెప్పాలి.