నేల విడిచి సాము: పికప్ ఎత్తితే యాక్సిల్ ఏమవుతుంది?

ఇన్‌స్టాలో ఈ మధ్య ఒకే రకం రీల్ పదేపదే కనిపిస్తోంది. మామూలు పికప్ ఒకటి గ్యారేజీలోకి వెళ్తుంది. కట్ చేస్తే నాలుగంగుళాలు పైకి లేచి, బురద టైర్లు తొడుక్కుని, స్లో మోషన్‌లో బయటికొస్తుంది. వెనకాల ఏదో సినిమా బీజీఎం. కింద కామెంట్లలో అందరూ అడిగేది ఒక్కటే: "బ్రో, కిట్ ఎంత?" "బ్రో, ఆ యాక్సిల్ ఎన్నాళ్లొచ్చింది?" అని మాత్రం ఒక్కరూ అడగరు. ఈ వారం మన కాలమ్ ఆ రెండో ప్రశ్న గురించే.

బండి ఎత్తుగా ఉంటే బాగుంటుంది. నాకూ ఇష్టమే. రాళ్ల దారిలో కింద తగలదు, వాగు దాటేటప్పుడు ధైర్యంగా ఉంటుంది, చూడ్డానికి రాజసంగా ఉంటుంది. కానీ బండిలో ఒక భాగాన్ని పైకి జరిపితే, దానికి అతుక్కున్న మరో భాగం ఎక్కడో సాగాలి, వంగాలి. పికప్‌లో ఆ వంగే పని యాక్సిల్ కీళ్ల మీద పడుతుంది.

లేచేది ఏది? లేవనిది ఏది?

మన రోడ్ల మీద కనిపించే ఇసుజు వీ-క్రాస్ (ఇది మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతుంది), టయోటా హైలక్స్ లాంటి పికప్‌లను కింద నుంచి చూస్తే ముందూ వెనకా రెండు వేరు వేరు బళ్లలా ఉంటాయి. వెనక మన పాత జీపుల్లాగే గట్టి హౌసింగ్, దాని మీద కమాన్ పట్టీలు. ముందు మాత్రం ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఒక్కో చక్రానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి, మధ్యలో కాయిల్ స్ప్రింగ్.

ముందు భాగంలో డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. లిఫ్ట్ చేస్తే ఛాసిస్‌తో పాటు అదీ పైకి లేస్తుంది. చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది కదా! ఈ రెండింటినీ కలిపేది హాఫ్ షాఫ్ట్. మెకానిక్కులు మామూలుగా యాక్సిల్ అనేది దీన్నే. ముందు దాదాపు అడ్డంగా ఉండే ఈ షాఫ్ట్, లిఫ్ట్ తర్వాత జారుడుబల్లలా ఏటవాలుగా అవుతుంది.

ఎంత ఏటవాలు? చిన్న లెక్క. షాఫ్ట్ రెండు కీళ్ల మధ్య దూరం 40 సెంటీమీటర్లు అనుకోండి. బండిని 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు ఎత్తితే కోణం సుమారు 7 డిగ్రీలు పెరుగుతుంది. నాలుగంగుళాలు ఎత్తితే 14 డిగ్రీలు.

"బయటి సీవీ జాయింటు స్టీరింగ్ తిప్పినప్పుడు 40 డిగ్రీల దాకా వంగుతుంది కదా, ఈ ఏడెంత?" అని కొందరు వాదిస్తారు. మంచి ప్రశ్నే. మనం కింద పడిన పెన్ను తీయడానికి నడుం పూర్తిగా వంచుతాం, ఏమీ కాదు. అదే నడుం కొంచెమే వంచి రోజంతా నాట్లు వేస్తే? మలుపులో వంగడం పెన్ను తీయడం లాంటిది. లిఫ్ట్ వల్ల వచ్చే వంపు నాట్లు వేయడం లాంటిది. హైవే మీద తిన్నగా పోతున్నా కీలు వంగే ఉంటుంది.

ఆ కీలులో సాధారణంగా ఆరు స్టీలు గోళీలు ఉంటాయి. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ప్రతి గోళీ తన గాడిలో ముందుకీ వెనక్కీ ఒకసారి జరుగుతుంది. కోణం ఎంత పెరిగితే అది జరిగే దూరం అంత పెరుగుతుంది, రాపిడీ వేడీ కూడా అంతే. మామూలు పికప్ చక్రం కిలోమీటరుకు 400 సార్లకు పైగా తిరుగుతుంది. 400 కిలోమీటర్లు పోయి వచ్చేసరికి ఎన్ని చుట్లో మీరే లెక్కేసుకోండి. పైగా ముందు హబ్బులు విడదీసే ఏర్పాటు లేని బండిలో, ఫోర్ వీల్ డ్రైవ్ వేయకపోయినా చక్రాలతో పాటు ఈ షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి. "నేను టూ వీల్‌లోనే నడుపుతా, నాకేం కాదు" అనుకోవడానికి లేదు.

ముందు చచ్చేది రబ్బరు

స్టీలు కంటే ముందు దెబ్బ తినేది దాని మీది రబ్బరు బూటు. అకార్డియన్‌లా మడతలు మడతలుగా ఉంటుంది. షాఫ్ట్ ఏటవాలుగా ఉంటే ఒక వైపు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి, రెండో వైపు సాగిపోతాయి. కొన్నాళ్లకు చిన్న చీలిక పడుతుంది. చక్రం తిరిగే వేగానికి లోపలి గ్రీజు ఆ చీలికలోంచి బయటికి చిమ్ముతుంది. ఇసుక, బురద నీళ్లు లోపలికి పోతాయి. ఇక అక్కడ గోళీలు తిరగడం కాదు, సానరాయి మీద నూరుకోవడమే.

బూటు చిరిగిన మొదటి వారంలోనే చూసుకుంటే బూటు, కొత్త గ్రీజుతో అయిపోతుంది. మూడు నెలలు ఆగితే మొత్తం షాఫ్ట్ మార్చాలి. గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

కడియం నుంచి ఒక ఫోన్

మా పెద్దక్క కొడుక్కి కడియంలో నర్సరీ ఉంది. వారమంతా మొక్కలు, మట్టి బస్తాలు, కుండీలు. ఆదివారం స్నేహితులతో మారేడుమిల్లి. ఈ రెండు పనులకీ ఒకే బండి కావాలని సెకండ్ హ్యాండ్ డబుల్ క్యాబిన్ పికప్ ఒకటి చూశాడు. మూడంగుళాలు ఎత్తిన బండి. "మావయ్యా, అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటున్నా, ఒకసారి రా" అని ఫోన్ చేశాడు. రెండేళ్ల పొదుపు వాడిది. వెళ్లాను.

బండి పైకి తళతళలాడుతోంది. నేను పైన చూడకుండా గోనెసంచి పరుచుకుని కింద దూరాను. ముందు కుడి చక్రం లోపలి వైపు, రిమ్ము మీద నల్లటి గ్రీజు చుక్కలు గుండ్రంగా చిమ్మి ఉన్నాయి. బూటుకి చీలిక. స్ప్రింగ్ మీద ఒక లావుపాటి బిళ్ల. కిట్ అంటే అదొక్కటే. పై చేతులు పాతవే, అలైన్‌మెంట్ బిల్లు లేదు.

పక్కనే ఖాళీ స్థలం ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడపమన్నాను. టక్ టక్ టక్... కుడి వైపు నుంచి స్పష్టంగా వినపడింది. అమ్మేవాయన నవ్వేసి, "ఆయ్, బూటు ఒక్కటేనండి, ఇట్టే అయిపోద్ది" అన్నాడు. శబ్దం వస్తోందంటే బూటు దశ దాటిపోయినట్టే. అప్పటికే లోపల గాళ్లు అరిగి ఉంటాయి.

మావాడిని పక్కకి తీసుకెళ్లి చెప్పాను. "ఒరేయ్, రెండు షాఫ్టులూ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గిస్తేనే తీసుకో. తీసుకున్నాక ఎత్తు దించెయ్."

వాడి ముఖం మాడిపోయింది. "దించేస్తే ఇంక అందులో ఏముంది మావయ్యా?"

"మట్టి బస్తాలు మొయ్యడానికి బండి ఉంటుంది. సోమవారం డెలివరీ ఆగిపోతే కస్టమరు నీ బండి ఎత్తు చూసి ఊరుకుంటాడా?"

రెండు వారాలు బేరం నడిచింది. ధర దిగింది, కొన్నాడు, షాఫ్టులు మార్చాడు, ఎత్తు కంపెనీ కొలతకి దించాడు. నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా ఎత్తయిన పికప్ వీడియో పెడితే నన్నే ట్యాగ్ చేస్తాడు. చేసుకోనీ. బండి మాత్రం రోజూ తిరుగుతోంది.

బిళ్ల చిన్నదే, పని పెద్దది

స్ప్రింగ్ పైన పెట్టే స్పేసర్ చౌక కాబట్టి ఎక్కువ మంది అదే వేయిస్తారు. ఒక సంగతి తెలుసుకోండి. షాకబ్సర్ కింది చెయ్యి మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం చివర్న ఉంటుంది. అందుకే అంగుళం బిళ్ల పెడితే బండి దాదాపు రెండంగుళాలు లేస్తుంది. "అంగుళమే కదా" అని రెండు బిళ్లలు పెట్టించుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకో చిక్కు. బిళ్ల పెట్టాక చక్రం గుంతలో వేలాడినప్పుడు మునుపటి కంటే కిందికి జారుతుంది. అప్పుడు షాఫ్ట్ కోణం అత్యధికం. ఆ స్థితిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, కొత్త జాయింటైనా సరే విరిగే ప్రమాదం ఉంది. ట్రయిల్స్‌లో షాఫ్టులు ఎక్కువగా తెగేది ఇలాంటి చోటే.

కోణం తగ్గించడానికి డిఫరెన్షియల్‌ని కిందికి దించే కిట్లు ఉన్నాయి. పనికొస్తాయి. కానీ తమాషా చూడండి. బండి కింద ఖాళీ కోసం ఎత్తుతాం, యాక్సిల్ కోసం డిఫరెన్షియల్‌ని మళ్లీ దించుతాం. పెరిగిన ఖాళీలో కొంత అక్కడే పోతుంది.

వెనక సంగతి, టైర్ల సంగతి

వెనక కమాన్ పట్టీల కింద దిమ్మలు పెట్టి ఎత్తితే హౌసింగ్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. అది చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి దాని కింద ఖాళీ అంతే. లేచేది బాడీ మాత్రమే. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి, దాని క్రాసులూ మధ్య బేరింగూ త్వరగా అరుగుతాయి. బండి కదిలేటప్పుడు కింద నుంచి వణుకు మొదలైందంటే గుర్తు అదే. బరువు మోసే బండి అయితే ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది.

హౌసింగ్‌ని నిజంగా పైకి లేపేది పెద్ద టైరే. 255/65 ఆర్17 తీసి 265/70 ఆర్17 వేశారనుకోండి. టైరు మొత్తం ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు పెరుగుతుంది, హౌసింగ్ కింద ఖాళీ అందులో సగం, 2 సెంటీమీటర్లు. దానికీ ఖరీదుంది. చక్రం పెద్దదైతే దాన్ని తిప్పడానికి షాఫ్ట్ మీద బలం ఎక్కువ పడుతుంది. స్పీడోమీటర్ 80 చూపిస్తే మీరు నిజంగా 84లో ఉంటారు. చక్రాలు బయటికి కనపడాలని వీల్ స్పేసర్లు కూడా వేస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు, అంటే ఆర్సీలో ఉన్నవాటికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ మారింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగినప్పుడు చెప్పకుండా చేయించిన మార్పు బయటపడితే బీమా క్లెయిమ్ దగ్గర కూడా పేచీ రావచ్చు. కాబట్టి గ్యారేజీకి వెళ్లే ముందు ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో అడగండి. "అందరూ చేయిస్తున్నారు బ్రో" అనేది అక్కడ చెల్లదు.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

ఎత్తిన బండి కొంటున్నా, ఇప్పటికే మీ దగ్గర ఉన్నా, ఈ ఐదూ చూడండి:

1. ముందు చక్రాల లోపలి వైపు, రిమ్ము మీద గ్రీజు చిమ్మిందా? రెండు వైపులా లోపలి బూటూ బయటి బూటూ టార్చి వేసి చూడండి. బురదలో తిరిగొచ్చిన ప్రతిసారీ కడిగి చూడండి.

2. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి రెండు వైపులా నెమ్మదిగా నడపండి. టక్ టక్ వస్తే బయటి జాయింటు పోతోందని అర్థం.

3. తిన్నగా పోతూ వేగం పెంచినప్పుడు మాత్రమే వణికితే లోపలి జాయింటునీ ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల్నీ అనుమానించండి.

4. ఎత్తాక వీల్ అలైన్‌మెంట్ చేయించిన కాగితం అడగండి. టైరు ఒక అంచు మాత్రమే అరిగి ఉంటే చేయించలేదని టైరే చెబుతుంది.

5. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపొద్దు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరు వేరు దూరాలు తిరగాలి. జారే వీలు లేనప్పుడు ఆ తేడా అంతా షాఫ్టులే భరించాలి.

ఇంత చదివాక కూడా ఎత్తించాలనే ఉంటే, ముందు అనుమతి సంగతి తేల్చుకోండి. తర్వాత రెండంగుళాల లోపే ఆగండి. బిళ్లలు కాదు, మీరు రోజూ మోసే బరువుకి సరిపడే స్ప్రింగులూ వాటికి తగ్గ షాకబ్సర్లూ అడగండి. పని అయ్యాక ఆ గ్యారేజీ కుర్రాడిని ఒక్కటే అడగండి: "అన్నా, షాఫ్ట్ కోణం కొలిచావా?" సమాధానం చెప్పలేకపోతే తాళం తీసుకుని బయటికి వచ్చెయ్యండి.

వచ్చే వారం పాత టైర్ల గురించి. మీ టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, అది ఏ వారం ఏ ఏడాది తయారైందో చెబుతాయి. ఈలోగా ఒకసారి వంగి చూడండి, ఎలాగూ బండి కింద బూట్లు చూడ్డానికి వంగాలి కదా!