వేగం ఎక్కడ ఇరుక్కుంది?

పెళ్లి వీడియో 60 జీబీ ఉందనుకోండి. కంప్యూటర్‌ నుంచి ఎక్స్‌టర్నల్‌ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించడానికి ఒకరింట్లో అరగంట పడుతుంది. పక్కింట్లో అలాంటి డిస్కుకే పది నిమిషాలు చాలు. ఇంకేముంది, షాపువాడు నాసిరకం అంటగట్టాడని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. చాలాసార్లు పాపం అతని తప్పేమీ ఉండదు. తేడా కేబుల్‌లోనో, దాన్ని గుచ్చిన చోటో ఉంటుంది.

యూఎస్‌బీ 2.0 వచ్చింది 2000లో. దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు. అంకె ఘనంగానే ఉంది కానీ అవి బిట్లు. 8తో భాగిస్తే 60 ఎంబీ. అందులోనూ చేతికి వచ్చేది 30 నుంచి 40 ఎంబీలే. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 దారి దీనికి పదింతల వెడల్పు. అందులో వెళ్తే మామూలు పోర్టబుల్‌ డిస్కు సెకనుకు 100 ఎంబీ దాటి అందుకుంటుంది. అదీ ఆ అరగంటకీ పది నిమిషాలకీ ఉన్న తేడా.

చాలా కంప్యూటర్లలో 3.0 పోర్టు లోపల నీలం రంగు ఉంటుంది. కేబుల్‌తోనే అసలు తంటా. డిస్కుతో వచ్చే కేబుల్‌ మూతి వెడల్పుగా, రెండు ముక్కలు అతికించినట్టు ఉంటుంది. అది పోయిందని పాత ఫోను ఛార్జింగ్‌ కేబుల్‌ పెడితే, ఆ మూతిలో సగానికి చక్కగా పట్టేస్తుంది, పని కూడా చేస్తుంది.. 2.0 వేగంతో! టైప్‌-సి కేబుళ్లూ అంతే. ఫోన్లతో వచ్చేవాటిలో చాలావాటికి ఉన్నది 2.0 వేగమే.

పరీక్షించడానికి క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంది. అది చూపే పట్టికలో మొదటి వరుస పెద్ద ఫైళ్ల వేగం. అక్కడ 40 లోపే ఆగితే ముందు కేబుల్‌, పోర్టు మార్చి చూడండి. చివరి వరుస చిల్లర ఫైళ్లది. అక్కడ ఒకటో అరో కనిపిస్తే కంగారు వద్దు, తిరిగే డిస్కుల తీరే అంత. వేల ఫొటోలు విడివిడిగా పంపేకంటే ఒకే జిప్‌ ఫైలుగా కట్టి పంపడం మేలన్నది అందుకే.

కొన్నప్పుడున్న జోరు డిస్కు నిండాక ఉండదు. రంగులరాట్నంలో అంచున కూర్చున్నవాడు ఒక్క చుట్టులో ఎక్కువ దూరం తిరుగుతాడు కదా! డిస్కూ అంచు నుంచి మొదలై లోపలికి నిండుతుంది. లోపలి చుట్లలో వేగం సగానికి పడిపోవచ్చు. పైగా నేటి పోర్టబుల్‌ డిస్కుల్లో చాలావాటిలో సమాచారపు వరుసలను పెంకుటింటి కప్పులా ఒకదానిపై ఒకటి ఎక్కించి రాస్తారు. ఒక పెంకు మార్చాలంటే పక్కవి కదపాల్సిందే. పెద్ద కాపీ మొదట పరుగెత్తి మధ్యలో నత్తనడక పట్టడానికి ఇదో కారణం.

విండోస్‌లో ఒక చిట్కా ఉంది. డివైస్‌ మేనేజర్‌లో డిస్కు పేరు మీద రైట్‌క్లిక్‌ చేసి, ప్రాపర్టీస్‌లో పాలసీస్‌ తెరిచి 'బెటర్‌ పెర్ఫార్మెన్స్‌' ఎంచుకుంటే రాసే వేగం కొంత పెరగొచ్చు. 2018 చివరి అప్‌డేట్‌ నుంచి ఇది మామూలుగా ఆపేసి ఉంటుంది. ఆపడానికి కారణమూ ఉంది. ఇది పెట్టాక 'ఎజెక్ట్‌' చేయకుండా డిస్కు లాగినా, కాపీ మధ్యలో కరెంటు పోయినా ఫైళ్లు పాడవుతాయి. యూపీఎస్‌ లేని ఇంట్లో దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న డిస్కు సంగతులు. నిన్నటిదాకా బాగా నడిచింది ఉన్నట్టుండి మందగించి, లోపల టక్‌ టక్‌మంటుంటే మాత్రం స్పీడు టెస్టులు, డీఫ్రాగ్‌లు పెట్టకండి. చివరి ఊపిరి మీదున్నదాన్ని పరుగు పందేనికి దింపినట్టే. ముందు పిల్లల ఫొటోలు, దస్తావేజుల స్కాన్‌లు.. మళ్లీ దొరకనివి వేరేచోటికి మార్చండి. సినిమాలు ఆఖర్న చూసుకోవచ్చు.