ముప్పై ఆరు అరలు

లండను నగరంలో థేమ్స్ నది అడుగున రాదర్‌హిత్, వాపింగ్ ప్రాంతాలను కలుపుతూ సుమారు 396 మీటర్ల సొరంగం ఒకటుంది. దాని కథ చెప్పేవారు సాధారణంగా మార్క్ బ్రూనెల్ మేధాశక్తితో మొదలుపెడతారు. ఆ కథను కూలివాళ్ళతో మొదలుపెట్టడమే న్యాయమని నా అభిప్రాయం.

1825లో పని ఆరంభమైంది. బ్రూనెల్ కల్పించిన కవచంలో పన్నెండు ఇనుప చట్రాలు, ఒక్కొక్క చట్రంలో ఒకదానిపై ఒకటిగా మూడేసి అరలు. మొత్తం 36 అరలలో 36 మంది. ఎదుటి మట్టికి అడ్డంగా చెక్క పలకలుండేవి. కూలివాడు ఒక పలకను తీసి, నాలుగైదు అంగుళాల మట్టి తవ్వి, పలకను తిరిగి బిగించేవాడు. అన్ని పలకలూ జరిగాక చట్రాన్ని ముందుకు నెట్టేవారు. వెనుకనే తాపీవాళ్ళు ఇటుకగోడ కట్టుకుంటూ వచ్చేవారు.

కవచం మట్టిని ఆపింది గాని నదిని ఆపలేకపోయింది. 1828 జనవరిలో నీరు విరుచుకుపడి ఆరుగురు మరణించారు. పని ఏడేళ్ళు ఆగిపోయింది. 1843లో పాదచారులకు తెరిచిన ఆ సొరంగంలో 1869లో రైలు నడిచింది. నేటికీ నడుస్తోంది.

నేటి సొరంగ యంత్రాలు ఆ కవచానికి వారసులే. తిరిగే చక్రం మట్టిని కోస్తుంది. దాని వెనుక గదిలో నింపిన మట్టి ఒత్తిడే ఎదుటి నేలను, నీటిని నిలువరిస్తుంది. 2017లో కలకత్తా మెట్రో కోసం హుగ్లీ నది అడుగున సుమారు 520 మీటర్లు ఇలాగే తవ్వారు. మట్టికి ఎదురుగా నిలిచే మనిషి యంత్రం వెనుకకు చేరాడు. నా దృష్టిలో ఈ రెండు శతాబ్దాల అసలైన ప్రగతి ఇదే.

అయితే 2019లో అదే మార్గంలో, బౌబజార్ వద్ద, యంత్రం భూగర్భ జలపు పొరను తాకింది. నీటితో పాటు మట్టి జారి, పైనున్న పాత ఇళ్ళు బీటలు వారాయి, కొన్ని కూలాయి. వందలాది మంది ఇళ్ళు విడిచారు. ప్రమాదం పోలేదు, కింద తవ్వేవాడిని వదిలి పైన నిద్రించేవాడిని పట్టుకుంది.

కూలివాడు తాను ప్రమాదంలో ఉన్నానని ఎరిగే అరలోకి దిగాడు, కూలీ తీసుకున్నాడు. ఇంటివాడికి ఆ ఎరుకా లేదు, ఆ కూలీ లేదు. కనుక కాంక్రీటుకు, ఇనుముకు లెక్క కట్టేనాడే పైనున్న ఇంటికీ లెక్క కట్టాలి. కూలిన తరువాత ఇచ్చే పరిహారాన్ని దయగా చూపకూడదు. నగరంలో సొరంగమనగానే నేను అడిగే ప్రశ్న ఒకటే: నేడు ఆ 36 అరలలో ఉన్నది ఎవరు?