పాత సాఫ్ట్‌వేర్ నడవాలి: మా ప్రణాళిక

మాలో డీటీపీ ఆపరేటర్లున్నారు, ప్రోగ్రామర్లున్నారు, గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లున్నారు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకున్న రచయితలున్నారు. పాత కంప్యూటర్ల మీద మోజున్నవాళ్లూ ఒకరిద్దరున్నారు; 486 డబ్బా మీది టర్బో బటన్ అసలు దేనికని గంటసేపు వాదించగలరు. కానీ మేం కలిసింది ఆ మోజు తీర్చుకోవడానికి కాదు. 1990ల నుంచి తెలుగులో అచ్చయిన పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు, శుభలేఖలు ఎన్నెన్నో, పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో కూర్చినవే. ఆ సాఫ్ట్‌వేర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఫైళ్లు ఫ్లాపీల్లో, గీతలు పడ్డ సీడీల్లో, మూలన పడేసిన హార్డ్ డిస్కుల్లో ఇంకా ఉన్నాయి. వాటిని తెరిచే యంత్రాలే పోతున్నాయి. కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్ రూపంలో నిలబెట్టి, ఆ ఫైళ్లను పుట్టినచోటే తెరవడం మా పని. దాని పేరే ఎమ్యులేషన్.

తెలుగుకు ఈ పని మరీ ఎందుకు అవసరమో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా మామూలు ఇళ్లలోని విండోస్‌కు తెలుగు తెలిసింది 2001లో ఎక్స్‌పీ వచ్చాకే. అంతకుముందు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, అచ్చుపనంతా అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీద సాగింది. అలాంటి ఒక్కో ఫాంటులో ఉండేవి 256 గళ్లు, అందులోనూ కొన్ని వాడడానికి వీల్లేనివి. గుణింతాలూ ఒత్తులూ కలిపితే వేలల్లో తేలే మన అక్షరాలు అక్కడ పట్టవు. అందుకని వాటిని ముక్కలు చేశారు: తలకట్టుకొక గడి, కొమ్ముకొక గడి, ఒక్కో ఒత్తుకు ఒక్కో గడి. ఏ ముక్క ఏ గడిలో ఉండాలన్నది ఫాంటు చేసిన కంపెనీ ఇష్టం. ఒకరి ఫాంటులో గుడి ఉన్న గడిలో ఇంకొకరికి వట్రసుడి ఉండొచ్చు. ఫైలులో మిగిలేది గళ్ల నంబర్లు మాత్రమే. సరైన ఫాంటు లేకపోతే తెరమీద కనిపించేది తోకలూ చుక్కలూ తగిలించిన రోమన్ అక్షరాల గందరగోళం.

యూనికోడ్‌లోకి మార్చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మార్చాలి, మేమూ మారుస్తాం. అయితే మార్చిన ప్రతిని నమ్మే ముందు అసలుతో సరిచూడాలన్నది మా మొదటి నియమం. తెరమీద ఒకేలా కనిపించే అక్షరాన్ని ఇద్దరు ఆపరేటర్లు ముక్కల వరస మార్చి కొట్టి ఉండవచ్చు. చూపుకు సరిపోతే చాలు, ప్రూఫులో ఎవరూ పట్టుకోరు. కన్వర్టర్ మాత్రం అక్కడే తడబడి ఒత్తును పక్క అక్షరానికి అంటిస్తుంది. అది తప్పని తేల్చాలంటే అసలు పేజీ ఎలా ఉండేదో చూడాలి. ఆ సాక్ష్యం దొరికేది ఆనాటి విండోస్, ఆనాటి పేజ్‌మేకర్, ఆనాటి ఫాంటు, మూడూ కలిసి నడిచినప్పుడే. కన్వర్టర్లు ఏటేటా మెరుగవుతాయి కాబట్టి ఇవాళ మార్చి అసలును పారేసేవారితో మేం ఏకీభవించం.

ఎమ్యులేషన్‌ను వీడియో గేముల పిచ్చోళ్ల వ్యవహారంగా చూసేవారికి చిన్న చరిత్ర. 1964లో ఐబీఎం సిస్టం/360 కంప్యూటర్లను ప్రకటించినప్పుడు, అప్పటికే తన పాత 1401 యంత్రం మీద ప్రోగ్రాములు రాయించుకున్న ఖాతాదారులను పోగొట్టుకోలేక, ఆ ప్రోగ్రాములు కొత్త యంత్రంలో నడిచే ఏర్పాటు చేసింది. అంటే ఇది మొదటినుంచీ జమాఖర్చులవాళ్ల అవసరం. ఇప్పుడు మన చేతిలో ఎమ్యులేటర్లున్నాయి: 2002 నుంచి డాస్‌బాక్స్ ఉంది, 2003 నుంచి క్యూఎము ఉంది, ఫలానా మదర్‌బోర్డును పేరు పెట్టి మరీ అనుకరించే 86బాక్స్ ఉంది. పాత ప్రాసెసర్‌కు ఇచ్చిన ప్రతి ఆదేశాన్నీ ఇవి చదివి, అది ఏం చేసేదో అదే చేసి చూపిస్తాయి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను గడప తొక్కనివ్వదు కాబట్టి డాస్ కాలపు లెక్కల పుస్తకాలకు, ఫాక్స్‌ప్రోలో రాసుకున్న చిట్టాలకు ఇంతకన్నా వేరే దారి లేదు.

నిదానంగా నడవడాన్ని కూడా అనుకరించాలి. టర్బో పాస్కల్‌లో తయారైన ఎన్నో ప్రోగ్రాములు వేగవంతమైన పెంటియంలు రాగానే ‘రన్‌టైం ఎర్రర్ 200’ అని కూలబడ్డాయి. యంత్రం వేగం కొలవడానికి మొదట్లోనే ఒక భాగహారం చేస్తాయి; వేగం మరీ ఎక్కువైతే జవాబు దానికిచ్చిన చోటులో పట్టదు. కాబట్టి మా దగ్గర ఏ ప్రోగ్రామైనా దాని కాలపు వేగంతోనే నడుస్తుంది. ఎదురుచూసే ఓపిక లేనివాళ్లు టీ తాగి రావచ్చు.

డిస్కుల విషయంలో మేం చాదస్తులం. మన ఊళ్ల ఉక్కపోతకు ఫ్లాపీ పొరల మీద బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని డ్రైవ్‌లో పెడితే డిస్కూ పోతుంది, డ్రైవ్ హెడ్డూ పాడవుతుంది. ముందు శుభ్రం చేయాలి, రాయకుండా అడ్డుకునే బిళ్ల జరపాలి, డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా, అంటే ఇమేజిగా, తీయాలి. ఆ ఇమేజిని ఎవరూ ముట్టుకోరు. పనంతా దాని నకలు మీదే. ‘ఫార్మాట్ చేయాలా?’ అని కంప్యూటర్ అడిగితే మా సభ్యుల జవాబు ఎప్పటికీ వద్దనే.

ఇక చట్టం. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, ప్రోగ్రామును న్యాయంగా కలిగి ఉన్నవారు పోకుండా కాపాడుకోవడానికి నకలు తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. ఆ ప్రోగ్రాము పనిచేసే తీరును పరిశీలించి అధ్యయనం చేయడాన్నీ ఒప్పుకుంటుంది. మేం ఆ గీత లోపలే ఉంటాం. దొంగ కాపీలు పంచం. మన డీటీపీ సెంటర్లలో ఎన్ని అలా నడిచాయో అందరికీ తెలుసు, దాన్ని ఘనకార్యంగా చెప్పుకోవడం మాకిష్టం లేదు. అదే సమయంలో హక్కుదారులను గట్టిగా ఒకటి అడుగుతున్నాం. మీరు అమ్మడం మానేసిన ఫాంట్ల గళ్ల పట్టికలు బయటపెట్టండి. దొంగ కాపీలు నడవకుండా ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ పాడైపోయిన కొనుగోలుదారుకు అది లేకుండా నడిచే ప్రతిని ఇవ్వండి. మైక్రోసాఫ్ట్ వంటి సంస్థే ఎంఎస్-డాస్ పాత వెర్షన్ల సోర్సును 2018లో స్వేచ్ఛా లైసెన్సు కింద పెట్టింది, 2024లో 4.0ను కూడా అలాగే విడుదల చేసింది. దానివల్ల ఆ సంస్థ వ్యాపారం మునగలేదు.

ఎమ్యులేషన్‌ను సాకుగా వాడుకోవడాన్ని మేం ఒప్పుకోం. 1990ల తొలినాళ్ల టర్బో సి++ నీలం తెరను డాస్‌బాక్స్‌లో తెరిచి, ఇప్పటికీ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పుతున్నవారున్నారు. సి++కు తొలి ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది 1998లో. ఈ కంపైలర్ అంతకన్నా పాతది. చరిత్ర పాఠంగా చూపిస్తే సంతోషం. రేపు ఉద్యోగానికి వెళ్లే పిల్లవాడి చేత ఆ ప్రమాణం ఒప్పుకోని ‘వాయిడ్ మెయిన్’ అని రాయించడం మాత్రం బద్ధకం. ఈ మాటకు మాలోనే ఇద్దరు లెక్చరర్లు నొచ్చుకున్నారు. అయినా ప్రణాళికలో ఉంచాం.

చివరగా కాగితాల సంగతి. ఎమ్యులేటర్ రాసేవారికి యంత్రం దొరకకపోయినా పర్వాలేదు, దాని మాన్యువల్ దొరకాలి. 1960, 70ల అమెరికన్ మినీ కంప్యూటర్లు పీడీపీ-8, పీడీపీ-11 ఇవాళ మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నాయంటే వాటి పుస్తకాలు మిగలడం ఒక ముఖ్య కారణం. మన హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ 1960ల చివరి నుంచి టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 కంప్యూటర్లు తయారుచేసింది. వాటి ఆదేశాల పట్టికలు, సర్క్యూట్ చిత్రాలు, కాగితపు టేపుల మీది ప్రోగ్రాములు రిటైరైన ఇంజనీర్ల ఇళ్లలో అటకల మీద ఉండవచ్చు. వాటితోపాటు పాత ఫాంట్ల కీబోర్డు పటాలు, ఇన్‌స్టలేషన్ డిస్కులు, డాంగిళ్లు ఏవున్నా తూకానికి వేసే ముందు మాకొక మాట చెప్పండి. మేమే వచ్చి స్కాన్ చేసుకుంటాం, అసలు ప్రతులు మీ చేతికే తిరిగిస్తాం.